ఫోను స్వాధీనమైన తొలి గంట

పొలం గట్టు తగాదా అయినా, వరకట్న వేధింపు అయినా, చిట్టీల మోసం అయినా, ఇవాళ ఠాణాకు వచ్చే ఫిర్యాదులో ఎక్కడో ఒకచోట సెల్‌ఫోన్ ఉంటుంది. బెదిరిస్తూ వచ్చిన వాట్సాప్ మెసేజ్, డబ్బు పంపిన యూపీఐ రసీదు, పక్కింటి సీసీ కెమెరాకు చిక్కిన బైకు నంబరు, గొడవ జరిగిన రాత్రి ఎవరు ఎవరికి ఫోన్ చేశారో చెప్పే కాల్ వివరాలు, ఏదో ఒకటి తప్పదు. ఒకప్పుడు సైబర్ నేరాలకే పరిమితమనుకున్న డిజిటల్ ఫోరెన్సిక్స్ ఇప్పుడు మామూలు ఎస్సైకి రోజువారీ పని. అయినా దీని మీద మన దగ్గర జరిగే చర్చంతా పెద్ద ల్యాబుల చుట్టూ, ఖరీదైన సాఫ్ట్‌వేర్ల చుట్టూ తిరుగుతుంది. నాకు మాత్రం అసలు సమస్య అంతకన్నా ముందే మొదలవుతుందనిపిస్తుంది. డిజిటల్ సాక్ష్యం నిలుస్తుందా, కూలుతుందా అన్నది అది ల్యాబు గడప తొక్కకముందే, వస్తువు పోలీసు చేతికి అందిన మొదటి గంటలోనే చాలావరకు తేలిపోతుంది. ఆ గంటలో అక్కడుండేది ఎక్కువగా ఒక హెడ్ కానిస్టేబుల్, ఒక రైటర్. చట్టం వాళ్ల మీద మోపిన బరువు ఏటికేడు పెరిగింది. అందిన శిక్షణ, సామగ్రి ఆ పాళ్లలో పెరగలేదు.

ఆ బరువు ఎలా పెరిగిందో ముందు చూద్దాం. 2000 అక్టోబరు 17న ఐటీ చట్టం అమల్లోకి వచ్చినప్పుడు దానితోపాటే పాత సాక్ష్య చట్టంలో 65బి సెక్షన్ చేరింది. కంప్యూటర్ నుంచి తీసిన కాపీని కోర్టులో పెట్టాలంటే, ఆ యంత్రం సరిగా పనిచేసిందనీ కాపీ అందులోంచే తీశారనీ చెబుతూ బాధ్యుడు సంతకం చేసిన సర్టిఫికెట్ ఉండాలన్నది దాని సారం. పార్లమెంటుపై దాడి కేసులో 2005లో సుప్రీంకోర్టు, సర్టిఫికెట్ లేకపోయినా కాల్ రికార్డులను వేరే దారిలో రుజువు చేసుకోవచ్చని అంది. 2014లో అన్వర్ వర్సెస్ బషీర్ తీర్పు ఆ వెసులుబాటును మూసేసింది. 2018లో మరో ధర్మాసనం కొంత సడలించింది. చివరకు 2020 జులైలో అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం సర్టిఫికెట్ తప్పనిసరని తేల్చి, ఎదుటివారు ఇవ్వడానికి మొరాయిస్తే కోర్టు ద్వారా తెప్పించుకోవచ్చని దారి చూపింది. పదిహేనేళ్ల పాటు దేశంలో అత్యున్నత న్యాయస్థానానికే ఒక కుదురైన మాట చెప్పడం కష్టమైన విషయంలో, మండల కేంద్రంలోని దర్యాప్తు అధికారి ప్రతిసారీ సరిగ్గా నడుచుకోవాలని ఆశించాం. సర్టిఫికెట్ అడగని రోజుల్లో నడిచిన విచారణలు తర్వాత అప్పీళ్లలో ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి. భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్ పాత 65బి స్థానంలో నిలిచింది. దాని షెడ్యూలులో సర్టిఫికెట్ నమూనానే అచ్చువేశారు. మొదటి భాగం పరికరం ఎవరి అధీనంలో ఉందో వాళ్లు నింపాలి, రెండో భాగం నిపుణుడు నింపాలి. రెండింటిలోనూ హాష్ విలువ రాయాలి, అది ఏ పద్ధతిలో లెక్కించారో టిక్కు పెట్టాలి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత మరో మూడు పనులు చేర్చింది. 105వ సెక్షన్ ప్రకారం సోదా, స్వాధీనం మొత్తం ఆడియో వీడియో రికార్డు చేసి ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. 176(3) ప్రకారం ఏడేళ్లు, ఆపైన శిక్ష పడగల నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనా స్థలానికి రావాలి. 193వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ పరికరం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో ఛార్జిషీటులో వరుసగా చూపాలి. చట్టం మంచిదే. ఇలాంటి క్రమశిక్షణ లేకే నేరస్తులు తప్పించుకున్నారు, నిర్దోషులు ఇరుక్కున్నారు. కానీ ఈ నాలుగు సెక్షన్ల పని పడేది ఎక్కువగా ఒక చిన్న ఠాణా మీద.

హాష్ గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. కోర్టు ఆవరణల్లో ఈ మాట మంత్రంలా తిరుగుతున్నా దాని పరిధి చాలామందికి తెలియదు. ఒక ఫైలులోని మొత్తం సమాచారాన్ని గణిత సూత్రంలో వేస్తే వచ్చే సంఖ్య అది. షా-256 పద్ధతిలో అయితే 64 అక్షరాల పొడవుంటుంది. ఫైలులో ఒక్క కామా మారినా ఆ 64 అక్షరాలూ గుర్తుపట్టలేనంతగా మారిపోతాయి. స్వాధీనం చేసుకున్న రోజు రాసిన సంఖ్య, విచారణ రోజు వచ్చిన సంఖ్య ఒకటే అయితే మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టలేదని అర్థం. హార్డ్ డిస్కుకు, పెన్‌డ్రైవ్‌కు ఇది చక్కగా సరిపోతుంది. రైట్ బ్లాకర్ అనే చిన్న పరికరం మధ్యలో పెట్టి కాపీ తీస్తే అసలు డిస్కు మీద ఒక్క బిట్టు కూడా మారదు. సెల్‌ఫోన్ అలా కాదు. అది ఆన్‌లో ఉన్నంతసేపూ తనలో తాను రాసుకుంటూనే ఉంటుంది. ఒకే ఫోను నుంచి ఉదయం, సాయంత్రం రెండుసార్లు డేటా తీస్తే రెండు వేర్వేరు హాష్ విలువలు వస్తాయి. అంటే ఫోన్ విషయంలో హాష్ రక్షణ ఇచ్చేది బయటికి తీసిన ఫైలుకే, అదీ తీసిన క్షణం నుంచే. అంతకుముందు ఫోను ఎవరి చేతిలో ఎంతసేపు ఉందో, ఎవరు తెరిచి చూశారో దానికి తెలియదు. ఆ సంగతి చెప్పగలిగింది పంచనామా ఒక్కటే. ఎన్ని గంటలకు, ఏ స్థితిలో, ఎవరి ఎదుట, ఏ కవరులో పెట్టి సీలు వేశారన్న ఆ కాగితంలో గంటన్నర ఖాళీ ఉంటే ఎంత గొప్ప ల్యాబూ దాన్ని పూడ్చలేదు.

ఫోను చేతికొచ్చాక తీసుకోవలసిన నిర్ణయాలు కూడా ఒకప్పటంత సూటిగా లేవు. వెంటనే స్విచాఫ్ చేసి కవరులో వేయడమే జాగ్రత్త అని చాలాకాలం అనుకున్నారు. ఇప్పటి ఫోన్లలో అదే పెద్ద నష్టం కావచ్చు. ఆన్ చేసిన తర్వాత ఒక్కసారైనా లాక్ తీసిన ఫోనులో కొన్ని తాళాలు లోపల తెరుచుకుని ఉంటాయి. ఆపేసి మళ్లీ ఆన్ చేస్తే అవన్నీ మూసుకుపోతాయి, తర్వాత పాస్‌వర్డ్ లేకుండా దొరికే సమాచారం బాగా తగ్గిపోతుంది. ఆన్‌లోనే ఉంచితే మరో ప్రమాదం: నిందితుడి బంధువు ఎక్కడినుంచో ఇంటర్నెట్ ద్వారా మొత్తం చెరిపేయగలడు. అందుకే ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి, సిగ్నల్ చొరబడని ఫారడే సంచిలో ఉంచాలి, చార్జింగ్ అయిపోకుండా చూడాలి. పైగా గడియారం పరుగెడుతూ ఉంటుంది. 2024లో వచ్చిన ఐఫోన్ సాఫ్ట్‌వేర్ మూడు రోజులు లాక్ తీయకపోతే తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది. 2025లో ఆండ్రాయిడ్‌కూ గూగుల్ ఇదే ఏర్పాటు తెచ్చింది. దొంగల చేతిలో పడ్డ ఫోనును కాపాడే ఈ సదుపాయం మనందరికీ మేలే. దర్యాప్తు అధికారికి మాత్రం దాని అర్థం వేరు. శుక్రవారం సాయంత్రం స్వాధీనం చేసుకున్న ఫోను సోమవారం కోర్టుకు, అక్కడినుంచి పరీక్ష కోరే లెటర్ ఆఫ్ అడ్వైస్‌తో ల్యాబుకు వెళ్లేలోగా ఆ కిటికీ మూసుకుపోతుంది. వారాలు పట్టే మన కాగితాల దారి, 72 గంటల్లో ముగిసే సాంకేతిక గడువుతో పోటీ పడలేదు.

సీసీ కెమెరాల కథ ఇంకా దగ్గరిది. తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువ కేసుల్లో పనికొచ్చే డిజిటల్ సాక్ష్యం ఇదే. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో తెచ్చిన ప్రజా భద్రతా చట్టం, జనం గుమికూడే వాణిజ్య, ప్రజా స్థలాల్లో కెమెరాలు పెట్టి 30 రోజుల దృశ్యాలు దాచాలంది. తర్వాత కాలనీలు, అపార్ట్‌మెంట్లు, కిరాణా కొట్లు కూడా సొంతంగా పెట్టుకున్నాయి. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ఆసుపత్రి బయట పట్టపగలు జరిగిన కులదురహంకార హత్య సీసీ కెమెరాకు చిక్కింది. ఆ కేసులో నల్గొండ ప్రత్యేక న్యాయస్థానం 2025 మార్చిలో ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి జీవిత ఖైదు విధించింది. ఆ దృశ్యాలు విచారణకు చాలాముందే టీవీల్లో పదేపదే ప్రసారమయ్యాయి. చనిపోయిన మనిషి చివరి క్షణాలను, అతని కుటుంబం చూస్తుండగా, రాష్ట్రమంతా తిప్పి తిప్పి చూపడాన్ని నేను ఇప్పటికీ ఒప్పుకోలేను. సాక్ష్యాన్ని భద్రపరచడం అంటే అది పాడవకుండా చూడటంతో సరిపోదు, పోకూడని చోటికి పోకుండా ఆపడం కూడా అందులో భాగమే.

కెమెరా దృశ్యాలు దాచే డీవీఆర్ దగ్గర జరిగే మామూలు పొరపాట్లు పనితెలిసిన ప్రతి న్యాయవాదికీ కంఠతా వచ్చు. కొట్టు యజమాని మానిటర్ మీద వీడియో ఆడిస్తుంటే కానిస్టేబుల్ తన సెల్‌ఫోన్‌తో ఆ తెరనే వీడియో తీసుకుంటాడు. నిందితుణ్ని ఆ పూట వెతకడానికి అది పనికొస్తుంది, అందులో తప్పు లేదు. తర్వాత అసలు దృశ్యాలు తీసుకోవడం మరిచిపోతేనే చిక్కు. నిండిపోయిన డిస్కు మీద డీవీఆర్ పాత వాటిని చెరిపి కొత్తవి రాసుకుంటుంది. రెండు, మూడు వారాల తర్వాత వెళ్తే చిన్న దుకాణంలో ఏమీ మిగలదు. రెండోది గడియారం. చాలా డీవీఆర్‌లలో సమయం అరగంటో, గంటో, ఒక్కోసారి ఏళ్లకేళ్లో తేడాగా ఉంటుంది. స్వాధీనం చేసుకున్నప్పుడు అసలు సమయాన్నీ, డీవీఆర్ చూపే సమయాన్నీ పక్కపక్కనే రాసి మధ్యవర్తులతో సంతకం చేయిస్తే చాలు, ఖర్చు సున్నా. రాయకపోతే, నిందితుడు తొమ్మిదిన్నరకు అక్కడ ఉన్నాడన్న వాదన క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలబడదు. ఫోన్ల నుంచి తీసిన నివేదికల్లోనూ ఇలాంటిదే ఒకటుంది. సమయం అంతర్జాతీయ ప్రమాణంలో అచ్చయి ఉంటుంది, మన సమయానికి ఐదున్నర గంటలు కలపాలి. ఆ సంగతి చూసుకోకపోతే రాత్రి పదకొండు గంటల మెసేజ్ సాయంత్రం ఐదున్నరదైపోతుంది.

ఇక ల్యాబుల సంగతి. హైదరాబాద్‌లో కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబు ఉంది, రెండు రాష్ట్రాలకూ సొంత ల్యాబులున్నాయి. సత్యం కంప్యూటర్స్ కేసులో సంస్థ బిల్లుల వ్యవస్థలోకి సూపర్ యూజర్ అధికారంతో చొప్పించిన 7,561 నకిలీ ఇన్‌వాయిస్‌లను దర్యాప్తు అధికారులు బయటికి లాగారు. 2009లో మొదలైన ఆ కేసులో 2015లో తీర్పు వచ్చింది. నైపుణ్యం మన దగ్గర లేదనడానికి వీల్లేదు. ఉన్న నైపుణ్యం కొద్ది చోట్ల పోగుపడింది, వచ్చే పరికరాలేమో ప్రతి మండలం నుంచీ వస్తున్నాయి. ఇది మన ఒక్కరి బాధ కూడా కాదు. ఇంగ్లండ్, వేల్స్ పోలీసుల పనితీరును తనిఖీ చేసే ప్రభుత్వ విభాగం 2022 డిసెంబరులో ఇచ్చిన నివేదికలో, పరీక్ష కోసం ఎదురుచూస్తున్న పరికరాలు 25,000కు పైగా ఉన్నాయని తేల్చింది. డబ్బుకూ ప్రమాణాలకూ లోటు లేని చోటే అలా ఉంటే, కొట్లాట కేసులో ఫోనునూ హత్య కేసులో ఫోనునూ ఒకే వరుసలో నిలబెట్టే పద్ధతికి మనం స్వస్తి చెప్పాలి.

అమెరికా దీనికి వేరే దారి పట్టింది. 2008లో అలబామా రాష్ట్రం హూవర్ పట్టణంలో తెరిచిన జాతీయ శిక్షణ సంస్థలో సీక్రెట్ సర్వీస్ స్థానిక పోలీసులకు, ప్రాసిక్యూటర్లకు, న్యాయమూర్తులకు పాఠాలు చెబుతుంది. ఒకే కప్పు కింద ముగ్గురికీ నేర్పడం మనం నేర్చుకోదగ్గ పద్ధతి. అదే దేశంలో ఫోన్లు తెరిచే పరికరాలను 2,000కు పైగా పోలీసు సంస్థలు కొన్నాయని 2020లో అప్‌టర్న్ అనే సంస్థ అధ్యయనం లెక్క తేల్చింది. పెద్ద నేరాలకు కొన్న వాటిని దుకాణాల్లో చిల్లర దొంగతనాలు, గంజాయి కేసులకూ వాడుతున్నారని అది చూపింది. చేతిలో పరికరం ఉంటే ప్రతి ఫోనూ తెరవాలనిపిస్తుంది. జిల్లాకో పరికరం కొనేముందు ఎవరి అనుమతితో, ఏ కేసులో, ఎంత మేరకు వాడాలో రాసుకోకపోతే మన దగ్గరా అదే జరుగుతుంది.

పరికరం కన్నా మనిషి ముఖ్యమనడానికి అమెరికాలోని విచిటా నగర పోలీసుల అనుభవం మంచి ఉదాహరణ. 1974 నుంచి 1991 దాకా పదిమందిని చంపి, ముప్ఫై ఏళ్లు దొరక్కుండా ఉత్తరాలతో పోలీసులను వెక్కిరించిన హంతకుడు 2005లో ఒక ఫ్లాపీ పంపాడు. అందులో చెరిపేసిన వర్డ్ ఫైలు తాలూకు వివరాల్లో ఒక చర్చి పేరు, చివరిసారి ఆ ఫైలును సేవ్ చేసిన మనిషి పేరు దొరికాయి. కొద్ది రోజుల్లోనే అరెస్టు జరిగింది. ఆ పని చేసింది నగర పోలీసు శాఖలోని డిటెక్టివే. మన దగ్గర కూడా తిరువనంతపురంలోని ప్రభుత్వ సాంకేతిక సంస్థ సీడాక్ దర్యాప్తు సంస్థల కోసం సొంతంగా ఫోరెన్సిక్ సాఫ్ట్‌వేర్లు తయారుచేసింది. డిస్కు కాపీ తీసి హాష్ లెక్కించే పనికి ఉచితంగా దొరికేవి కూడా ఉన్నాయి. ఒక ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్లు ఈ పనిలో రెండేళ్లు చెయ్యి తిప్పుకున్నాక వాళ్లను బందోబస్తుకో, ట్రాఫిక్‌కో బదిలీ చేస్తే ఆ నైపుణ్యం జిల్లా నుంచే పోతుంది. నా దృష్టిలో సాఫ్ట్‌వేర్ లైసెన్సు కన్నా ముందు ఆపాల్సింది ఈ బదిలీలనే. ఐటీ చట్టం 78వ సెక్షన్ మరో ఇరుకు. ఆ చట్టం కింద నేరాలను ఇన్‌స్పెక్టర్‌కు తగ్గని అధికారే దర్యాప్తు చేయాలి. బాగా నేర్చుకున్న ఎస్సై ఉన్నా కాగితాల మీద ఆ కేసు సీఐ నెత్తినే ఉంటుంది.

నిపుణుడి నివేదిక వచ్చాక దాన్ని ప్రశ్నించకూడదన్న భావన కోర్టుల్లోనూ, పోలీసుల్లోనూ బలంగా ఉంది. నినా సుండే, ఇటియెల్ డ్రోర్ అనే పరిశోధకులు 2021లో ప్రచురించిన అధ్యయనంలో 53 మంది డిజిటల్ ఫోరెన్సిక్ పరీక్షకులకు ఒకే డిస్కు కాపీ ఇచ్చి, కేసు నేపథ్యం మాత్రం వేర్వేరుగా చెప్పారు. అనుమానితుడు దోషే అన్నట్టు విన్నవారికీ, నిర్దోషి కావచ్చని విన్నవారికీ కంటపడిన ఆధారాలు వేరుగా ఉన్నాయి. ఒకే నేపథ్యం విన్నవారి మధ్య కూడా పెద్దగా పొంతన కుదరలేదు. అందుకే అసలు డిస్కు తాలూకు కాపీ నిందితుడి తరఫువారికి కూడా అందాలి. విప్లవ కవి వరవరరావు నిందితుల్లో ఒకరైన భీమా కోరెగావ్ కేసులో, కోర్టు ద్వారా ప్రతివాదులకు అందిన కాపీలను పరిశీలించిన అమెరికా సంస్థ ఆర్సెనల్, సహ నిందితుడు రోనా విల్సన్ ల్యాప్‌టాప్‌లోకి బయటివారు మాల్‌వేర్ ద్వారా ఫైళ్లు చొప్పించారని 2021లో నివేదిక ఇచ్చింది. దర్యాప్తు సంస్థ దాన్ని అంగీకరించలేదు. ఎవరి మాట నిజమో న్యాయస్థానం తేల్చాలి. కానీ ఆ వాదన అసలు వినపడటానికి కారణం, హాష్ విలువతో కూడిన కాపీ ఎదుటి పక్షం చేతికి రావడమే. మండల స్థాయి కేసులో సాధారణ ముద్దాయికి ఆ కాపీ అడగాలనే తెలియదు, అడిగినా పరీక్షించేవాడు దొరకడు. న్యాయ సేవాధికార సంస్థలు తమ ప్యానెల్‌లో న్యాయవాదులతోపాటు స్వతంత్ర డిజిటల్ నిపుణులను కూడా చేర్చుకోవాలి.

ఫోను తెరవమని పోలీసు అడగవచ్చా? రాజ్యాంగంలోని 20(3) అధికరణం ఎవరినీ తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదంటుంది. వేలిముద్రలు, చేతిరాత నమూనాలు దాని కిందికి రావని సుప్రీంకోర్టు 1961లోనే చెప్పింది. పాస్‌వర్డ్ తలలో ఉండే మాట కదా. కర్ణాటక హైకోర్టు 2021లో వీరేంద్ర ఖన్నా కేసులో, కోర్టు ఆదేశంతో పాస్‌వర్డ్ అడగవచ్చంది. ఢిల్లీలో ఒక సీబీఐ ప్రత్యేక కోర్టు 2022లో బలవంతపెట్టకూడదంది. 2023లో జర్నలిస్టుల పరికరాల స్వాధీనంపై విచారిస్తూ సుప్రీంకోర్టు మార్గదర్శకాలు రూపొందించమని కేంద్రాన్ని అడిగింది. ఈలోగా సీబీఐ మాన్యువల్‌ను పాటిస్తామని కేంద్రం చెప్పింది. ఆ మాన్యువల్ రాష్ట్ర పోలీసు ఠాణాల్లో ఎందరు చూశారు? 2021 అక్టోబరులో హైదరాబాద్ వీధుల్లో దారిన పోయేవారిని ఆపి, ఫోన్లలో గంజాయి అన్న మాట కోసం వెతికిన వీడియోలు దేశమంతా చూసింది. అడిగితే, వాళ్లు ఇష్టపూర్వకంగానే చూపించారని పోలీసులన్నారు. లాఠీ పట్టుకున్న మనిషి ఎదుట నిలబడ్డ ఇరవై ఏళ్ల కుర్రాడి ఇష్టానికి ఎంత విలువుంటుందో ఆలోచించాలి. అలా చూసిన ఫోనులో నిజంగా ఏదైనా దొరికినా, పంచనామా లేదు, హాష్ లేదు, చేతుల వరుస లేదు. హక్కును కాలరాసిన సోదా, సాక్ష్యంగా కూడా నిలబడటం కష్టం.

బాధితుల సంగతి అంతకన్నా తక్కువగా మాట్లాడుకుంటాం. ఫొటోలు పెట్టి బెదిరిస్తున్నాడని ఫిర్యాదు చేసిన అమ్మాయిని ముందు నీ ఫోను ఇవ్వమంటారు. అందులో ఆమె చదువు, బ్యాంకు ఖాతా, స్నేహితులు, ఇంట్లోవాళ్ల ఫొటోలు అన్నీ ఉంటాయి. అది ల్యాబు నుంచి ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పరు. చాలామంది ఆడపిల్లలు ఈ భయంతోనే ఠాణా దాకా రారు. వస్తువులను అవసరానికి మించి అట్టిపెట్టుకోకూడదని సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కొత్త సంహితలోని 497వ సెక్షన్ ఫొటోలు, వీడియో తీసుకుని ఆస్తిని త్వరగా తేల్చమంటుంది. ఫిర్యాదుదారు ఫోనులో కావలసింది ఒక్క సంభాషణే అయితే, ఆమె ఎదుటే ఆ భాగం కాపీ తీసి, హాష్ రాసి, సర్టిఫికెట్ మొదటి భాగంలో ఆమెతోనే సంతకం చేయించి, ఫోను అదే రోజు చేతికివ్వడం సాధ్యమే. దానికి జిల్లా కేంద్రంలో ఒక గది, రెండు కంప్యూటర్లు, బదిలీ కాని ముగ్గురు మనుషులు కావాలి.

ఇక్కడే సర్టిఫికెట్ రెండో భాగం అడ్డొస్తుంది. నిపుణుడు సంతకం చేయాలంది గానీ ఆ నిపుణుడు ఎవరో 63వ సెక్షన్ విడమరచలేదు. ఐటీ చట్టం 79ఎ కింద కేంద్రం గుర్తించిన ల్యాబులవారే కావాలంటే, దేశంలో ఉన్న ఆ కొద్ది ల్యాబులకే ప్రతి సీసీ కెమెరా క్లిప్పూ వెళ్లాలి. శిక్షణ పొందిన జిల్లా పోలీసు ఉద్యోగి చాలంటే, దర్యాప్తు చేసేవాడూ ధ్రువీకరించేవాడూ ఒకే శాఖవాడవుతాడు. ఎస్పీ అధీనంలో కాకుండా రాష్ట్ర ఫోరెన్సిక్ సంచాలకుడి కింద జిల్లాకొక పరీక్షకుణ్ని నియమిస్తే ఈ రెండు చిక్కులూ తప్పుతాయని నా నమ్మకం. 176(3) కింద నిపుణుడు ఘటనా స్థలానికి రావాల్సిన తేదీని ఐదేళ్లలోగా నోటిఫై చేసుకోమని చట్టం రాష్ట్రాలకు గడువిచ్చింది. అప్పటికి వాళ్లకంటూ ఉద్యోగాలు మంజూరై, నియామకాలు జరిగి, మనుషులు పని నేర్చుకుని ఉండాలంటే ఆ పోస్టులు రాబోయే బడ్జెట్లలోనే కనిపించాలి.